కామేశ్వరి మాత్ర

ఇప్పుడు చేతులు వణకడం లేదు. సంతకం మళ్లీ నా సంతకంలాగే వస్తోంది. అందుకని కూర్చుని రాస్తున్నాను. జూలైలో అయితే ఈ కాగితం మీద కోడిగీతలు తప్ప ఏమీ ఉండేవి కావు.

నా పేరు సన్యాసిరావు. మాది విజయనగరం వైపు. ఇరవై రెండేళ్ల వయసులో ఉక్కు కర్మాగారంలో ఎలక్ట్రికల్ పనికని భిలాయి వచ్చాను. రోలింగ్ మిల్లులో ముప్ఫై ఎనిమిదేళ్లు చేసి రిటైరయ్యాను. సెక్టర్ 2లో క్వార్టర్. నా భార్య కామేశ్వరి ఈ ఫిబ్రవరిలో పోయింది. ఆ తరవాత నేను జబ్బు పడ్డాను. ఆ జబ్బేమిటో డాక్టర్లకు చాలా రోజులు అంతుపట్టలేదు. నాకు సగం తెలుసు. తెలిసిన ఆ సగం కూడా ఎవరికీ చెప్పలేదు. సిగ్గు విడిచి ఇప్పుడు చెబుతున్నాను. నా వయసువాళ్లు, ఇంట్లో ఒక కుర్చీ ఖాళీ అయినవాళ్లు ఎవరైనా చదివితే కాస్త జాగ్రత్త పడతారని.

ఫిబ్రవరి

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పొద్దున్న ఏడింటికి, టిఫిను ముందు, నా బీపీ మాత్ర కామేశ్వరి నా అరచేతిలో పెట్టేది. తన షుగరు మాత్ర నేను తన అరచేతిలో పెట్టేవాణ్ని. ఎవరి మాత్ర వాళ్లు వేసుకోవచ్చు కదా అని మా అమ్మాయి హేమ నవ్వేది. ఎవరికి వాళ్లు వేసుకుంటే ఇద్దరూ మరిచిపోతారు, ఒకరిది ఒకరు చూసుకుంటే మరిచిపోరు. అలా మొదలైంది. నేను మాత్ర చేతిలో పట్టుకుని పేపర్లో వార్త మీద ఉపన్యాసం అందుకునేవాణ్ని. కామేశ్వరి నీళ్ల గ్లాసుతో నిలబడి, "ముందు మింగీసి, అప్పుడు మాటాడండి" అనేది. పదేళ్లపాటు రోజూ ఇదే మాట.

హేమ రాయపూర్‌లో స్కూలు టీచరు. ఆ మంగళవారం ఫోన్ చేసి, మర్నాడు సాయంత్రం మనవరాలి డాన్సు ఉంది, ఇద్దరూ రండి అంది. కామేశ్వరి అప్పుడే బీరువాలోంచి చీర తీసింది. నేను కుదరదన్నాను. బుధవారం మా మందుల రోజు. రిటైరైనవాళ్లకు, వాళ్ల భార్యలకు చెరొక మెడికల్ బుక్ ఉంటుంది. డాక్టరు మూడు నెలలకోసారి రాసిస్తే, నెలనెలా ఆసుపత్రి కౌంటర్‌లో ఆ బుక్ చూపించి మందులు తెచ్చుకోవాలి.

"ఒక రోజు ఆలస్యమైతే ఏటవుతాదండీ? ఇంట్లో ఇంకా నాలుగు రోజులకి ఉన్నాయి కదా."

"ఇచ్చిన రోజుకి వెళ్లాల. రూలంటే రూలే."

"మీ రూల్సు ఆ మిల్లులోనే వొదిలీసి రాలేకపోయేరా? అక్కడ పిల్ల ఎదురుచూస్తాది."

"కావలిస్తే నువ్వెళ్లు. నాను రాను."

మోకాళ్ల నొప్పితో తను ఒక్కర్తీ రైలెక్కలేదని నాకు తెలుసు. తెలిసే అన్నాను. కామేశ్వరి చీర మడత పెట్టి లోపల పెట్టేసింది. అంతే, మాటలు బంద్. బుధవారం స్కూటర్ మీద ఆసుపత్రికి వెళ్లి, మందులు తీసుకుని, ఒక్క ముక్క మాట్లాడుకోకుండా తిరిగొచ్చాం.

గురువారం పొద్దున్న తను నా మాత్ర చేతిలో పెట్టలేదు, టీ కప్పు పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. కోపంలో కూడా నా మాత్ర మరిచిపోలేదు. నేను మాత్రం తన మాత్ర తియ్యలేదు. మరిచిపోలేదు, తియ్యలేదు. కావాలంటే తనే అడుగుతుందిలే అనుకున్నాను. తను అడగలేదు.

మధ్యాహ్నం వరండాలో బియ్యం ఏరుతూ కుర్చీలోనే పక్కకి ఒరిగిపోయింది. ఆంబులెన్సు వచ్చేసరికే అంతా అయిపోయింది. గుండె అన్నారు. శివనాథ్ నది ఒడ్డున దహనం ముగించి తిరిగొచ్చిన సాయంత్రం మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాను. గూట్లో ఏడు గదుల మందుల డబ్బా ఉంది. గురువారం గదిలో కామేశ్వరి మాత్ర అలాగే ఉంది.

మార్చి

హేమ పదిహేను రోజులు ఉండి వెళ్లింది. అమ్మ మెడికల్ బుక్ ఆసుపత్రిలో ఇచ్చేయాలి నాన్నా అంటే, నేనిస్తాలే అన్నాను.

మందుల రోజు వచ్చింది. బుక్కులు రెండూ ఎప్పుడూ ఒకే ప్లాస్టిక్ కవరులో ఉంటాయి. అలవాటు కొద్దీ కవరు అలాగే కౌంటర్ లోపలికి తోశాను. అక్కడ కూర్చునే ఆవిడ మా ఇద్దరినీ ఏళ్ల తరబడి ఎరుగును. మేం ఆవిణ్ని దీదీ అంటాం, వయసులో మా హేమ కంటే చిన్నదే అయినా.

"అంకుల్, ఆజ్ అకేలే? ఆంటీ కైసీ హై?" అంది దీదీ. ఈవేళ ఒక్కరే వచ్చారేం, ఆంటీ ఎలా ఉన్నారు అని.

నా వెనక క్యూలో పాతికమంది. నోరు తెరిచాను. ఆ ఒక్క ముక్కా చెప్పేస్తే ఆ పని అయిపోయేది. "ఠీక్ హై, బేటీ. ఘుట్నే మే దర్ద్ హై," అన్నాను. బాగానే ఉంది, మోకాళ్ల నొప్పి అని. దీదీ నవ్వి రెండు కవర్లు నా చేతికిచ్చింది. ఒకటి నాది. ఒకటి కామేశ్వరిది.

బయటికొచ్చి స్కూటర్ దగ్గర నిలబడ్డాను. చెప్పకూడని సంతోషం ఒకటి కలిగింది. ఈ ఊళ్లో ఒక్క చోటైనా, ఒక్క మనిషి దృష్టిలోనైనా కామేశ్వరి ఇంకా ఇంట్లో మోకాళ్ల నొప్పితో కూర్చుని ఉంది.

ఏప్రిల్

మళ్లీ అదే కౌంటర్, అదే ప్రశ్న, అదే జవాబు. ఇంటికొచ్చేసరికి గూట్లో కామేశ్వరి మాత్రలు మూడు నెలలకు సరిపడా పోగయ్యాయి. మే నెలకల్లా డాక్టరు రాసిచ్చిన గడువు అయిపోయింది. కొత్తగా రాయించాలి, ఆంటీని ఒకసారి చూపించడానికి తీసుకురండి అంది దీదీ. వచ్చే నెల తెస్తానన్నాను. పాపం, ఆవిడ తప్పు ఇసుమంతైనా లేదు. తెలిసిన మనిషి మాట నమ్మింది.

ఆ ఏప్రిల్‌లోనే, రెండో మాసికం పెట్టిన మర్నాడు పొద్దున్న ఏడయింది. అలవాటు కొద్దీ ఇద్దరి మాత్రలతో నింపిన డబ్బాలోంచి నా మాత్ర నేనే తీసుకున్నాను. చెయ్యి దానంతటదే మళ్లీ డబ్బాలోకి వెళ్లి కామేశ్వరి మాత్ర కూడా తీసింది. అరచేతిలో పెట్టడానికి ఎదురుగా ఎవరూ లేరు. తిరిగి డబ్బాలో పెట్టేయాలి కదా. గురువారం నాడు డబ్బాలోనే వదిలేసిన మాత్ర గుర్తొచ్చింది. ఈసారి డబ్బాలో పెట్టలేకపోయాను. నోట్లో వేసుకుని నీళ్లు తాగాను. ఆ రోజు ఇవ్వనిది ఈ రోజు ఇచ్చినట్టు, గుండెల మీంచి కాస్త బరువు దిగినట్టు అనిపించింది. మర్నాడూ వేసుకున్నాను. ఆ తరవాత రోజూ.

నాకు షుగర్ లేదు. అది నాకు తెలుసు. మిల్లులో బోర్డు మీద రాసింది చదవకుండా ఒక్క స్విచ్ ముట్టుకున్న కుర్రాణ్ని నేను బతకనిచ్చేవాణ్ని కాదు. అలాంటి నేను, అట్ట మీద పేరు చదివి మరీ మింగాను. దీన్ని మతిమరుపు అనకండి.

జూన్

ముందు చెమటలు. ఎండాకాలం కదా, కూలర్ పనిచెయ్యడం లేదేమో అనుకున్నాను. తరవాత చేతుల వణుకు. పదింటికల్లా కళ్ల ముందు మసకలు, కాళ్లలో సత్తువ లేకపోవడం, కారణం లేకుండా గుండె దడ. ఒక రోజు మార్కెట్‌లో టమాటాలు పట్టుకుని ఏం చేయాలో తెలియక నిలబడిపోయాను. కూరలమ్మే ఆవిడే నా చేతిలోంచి టమాటాలు తీసుకుని, సంచిలో వేసి, మా సందు దాకా నడిపించుకొచ్చింది. తిండి కూడా సరిగ్గా తినేవాణ్ని కాదు. ఒక్కడికి వండుకోవడం ఎవరికి కావాలి?

భయం వేసేది. చచ్చిపోతానేమోనని. నిజం చెప్పాలంటే, పోతే పోనీ అని కూడా అనిపించేది. రెండూ ఒక పూటలోనే అనిపించేవి.

పక్క క్వార్టర్‌లో సాహూ భాభీ ఉంటుంది. దుర్గ్ దగ్గర పల్లె వాళ్లు. వాళ్లాయన నాతోనే పనిచేశాడు, ఇప్పుడు కళ్లు కనపడక మంచం దిగడు. ఆయనకి చేసిపెడుతూనే వారానికి రెండు మూడు సార్లు మన అట్లలాంటి బియ్యప్పిండి చీలాలు, టమాటా పచ్చడి పళ్లెంలో పెట్టుకుని గోడ మీంచి అందించేది. తింటే తిన్నాను, లేకపోతే కుక్కకి. భాభీకి తెలిసినా ఇవ్వడం మానలేదు.

జూలై

వానలు మొదలయ్యాయి. ఒక పొద్దున్న చీలాల పళ్లెం అందుకోడానికి నేను గోడ దగ్గరికి వెళ్లలేదట. భాభీ పిలిచి పిలిచి, గేటు తీసుకుని లోపలికి వచ్చింది. నేను వంటింటి గడప మీద పడి ఉన్నాను. బట్టలు చెమటతో తడిసిపోయాయి.

"కా హోగే భయ్యా? ఏ భయ్యా!" ఏమైందన్నా అంటున్న భాభీ కేకలు ఎక్కడో దూరంగా వినిపించాయి. భాభీకి చదువు లేదు. మనిషి నీరసపడి పడిపోతే ముందు తీపి పెట్టాలని మాత్రం తెలుసు. బెల్లం నీళ్లు కలిపి, తల ఒళ్లో పెట్టుకుని, కొంచెం కొంచెంగా తాగించింది. బతికాను.

ఆసుపత్రిలో షుగర్ బాగా పడిపోయిందన్నారు. పెద్ద డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి హిందీలో అడిగింది, షుగర్ మందులేమైనా వాడుతున్నారా అని. నేను లేదన్నాను. మళ్లీ అడిగింది. లేదు. నా బుక్ చూసింది, అందులో బీపీ మాత్ర ఒక్కటే ఉంది.

హేమ స్కూలుకి సెలవు పెట్టి వచ్చేసింది. వార్డులో నాలుగు రోజులు నాకు ఏమీ కాలేదు. గూట్లో డబ్బా ఇంట్లో ఉంది కదా. ఇంటికి పంపారు. వచ్చిన మూడో రోజుకి మళ్లీ చెమటలు, మళ్లీ ఆసుపత్రి. ఇంత జరిగాక కూడా ఎందుకు వేసుకున్నావని మీరు అడగొచ్చు. ఆఖరి అట్టలో ఇంకా కొన్ని మాత్రలు మిగిలాయి. అవి అయిపోతే ఇక కామేశ్వరికి నేను ఇచ్చేది ఏదీ లేదు. నా దగ్గర ఉన్న జవాబు అదొక్కటే.

"నాన్నా, ఈ ఇంట్లోనే ఏదో ఉంది. వార్డులో బాగుంటావు, ఘర్ ఆతే హీ పడిపోతావు. క్వార్టర్ వొదిలేయ్, నాతో రాయపూర్ చల్," అంది హేమ. ఇంటికి రాగానే పడిపోతున్నానట, తనతో వచ్చేయాలట.

"నాను ఎక్కడికీ రాను."

"అమ్మతో కూడా ఇలాగే అన్నావు! ఐసే హీ!"

ఆ మాట ఎందుకందో దానికీ తెలియలేదు, వెంటనే అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. ఆ వారంలో మేమిద్దరం పదిసార్లు కీచులాడుకున్నాం. వాళ్లాయన ఫోన్ చేస్తే బయటికెళ్లి మాట్లాడేది. పిల్లకి పరీక్షలు, ఇంట్లో వంట, ఇక్కడ నేను. ముప్ఫై తొమ్మిదేళ్ల పిల్ల ఆ వారం రోజుల్లో యాభై ఏళ్ల దానిలా కనిపించింది.

కారణం లేకుండా షుగర్ పడిపోతోందంటే కడుపులో గడ్డ ఉండొచ్చని డాక్టరమ్మ అనుమానం. రాయపూర్‌లో స్కానింగ్ చేయించమంది. అవసరమైతే ఆపరేషన్ ఉంటుందంది.

స్కానింగ్ సెంటర్‌లో మా నంబరు వచ్చేదాకా రెండు గంటలు కూర్చోవాలన్నారు. ఇనుప కుర్చీలు, గోడకి టీవీ, దాని ముందు పది మంది పరగడుపు మొహాలు. హేమ ఫైలు ఒళ్లో పెట్టుకుని దాని అంచులు గిల్లుతోంది. నా వైపు చూడకుండా మాట్లాడింది.

"నాన్నా, ఒక మాట చెప్తాను, తిట్టకు. ఆ మంగళవారం నేను ఫోన్ చెయ్యకపోతే మీకు గొడవ అయ్యేది కాదు. అమ్మ రాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. నేను కూడా అమ్మ మీద గుస్సా చేశాను, నువ్వెప్పుడూ నాన్న మాటే వింటావని. అదే లాస్ట్. మళ్లీ మాట్లాడలేదు. అమ్మ టెన్షన్‌తోనే పోయింది కదా? ఇప్పుడు నువ్వు కూడా అమ్మ మీద బెంగతో ఇలా అయిపోతున్నావు. సబ్ మేరీ వజహ్ సే."

అంతా నా వల్లే అంటోంది నా కూతురు. ఐదు నెలలుగా అది మోస్తోంది. నేను నా మాత్రతో కాలక్షేపం చేస్తుంటే, ఇది పొద్దున్న లేచి, పిల్లకి డబ్బా కట్టి, స్కూల్లో పాఠం చెప్పి, ఇంత బరువు మోస్తూ వచ్చింది. నాకు ఒళ్లంతా చల్లబడిపోయింది. ఈసారి షుగర్ వల్ల కాదు.

"హేమా, ఫైలు మూసీ. స్కానింగ్ వొద్దు."

"ఏటి నాన్నా, మళ్లీ మొదలెట్టావా?"

"గడ్డా లేదు, ఏటీ లేదు. మీ అమ్మ మాత్రలు నాను మింగుతున్నాను."

మొత్తం చెప్పాను. గురువారం నుంచి చెప్పాను. టీ కప్పు పక్కన నా మాత్ర, డబ్బాలో తన మాత్ర, దీదీతో చెప్పిన అబద్ధం, గూట్లో మూడు నెలల అట్టలు. చెబుతుంటే గొంతు పెద్దదైపోయిందేమో, టీవీ చూస్తున్నవాళ్లు కూడా ఇటు తిరిగారు. అదృష్టం, వాళ్లకి తెలుగు రాదు.

హేమ ఫైలు విసిరికొట్టింది. కాగితాలు కుర్చీల కిందికి పోయాయి. "పాగల్ హో గయే క్యా? పిచ్చి పట్టిందా? చచ్చిపోయుంటే? నాకు ఎవరున్నారు నాన్నా? బోలో, ఎవరున్నారు?" అని నా భుజం పట్టుకుని ఊపేసింది. తరవాత అదే భుజం మీద తల పెట్టి ఏడ్చింది. కామేశ్వరి పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. ఎదురు కుర్చీలో ఒక పెద్దాయన లేచి, నడుం పట్టుకుని వంగి, మా కాగితాలు ఒక్కొక్కటీ ఏరి, దుమ్ము దులిపి, నా ఒళ్లో పెట్టాడు. ఆయన చేతికి సూది గుచ్చిన పట్టీ ఉంది.

భిలాయి తిరిగొచ్చాక డాక్టరమ్మ నన్ను గట్టిగానే తిట్టింది. తిట్టడం అయ్యాక కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఒక్క రోజు షుగర్ మాత్ర తప్పితే గుండె ఆగదు, మీ మాత్ర వల్ల ఆమె పోలేదు, మీ అమ్మాయి ఫోన్ వల్లా పోలేదు అని నెమ్మదిగా రెండుసార్లు చెప్పింది. హేమ తల ఊపింది. నేను కూడా ఊపాను. నమ్మడానికి మాత్రం నాకు ఇంకా టైం పడుతోంది.

ఆగస్టు

హేమ బుక్కు తనే ఇచ్చేస్తానంది. నేను ఒప్పుకోలేదు. మిల్లులో ఏదైనా మిషను బాగుచేసేటప్పుడు స్విచ్‌కి మా పేరు రాసిన ఎర్ర ట్యాగ్ కట్టేవాళ్లం. ఎవరు కట్టిన ట్యాగ్ వాళ్లే విప్పాలి. పక్కవాడు విప్పితే ప్రాణాలు పోతాయి. ఈ అబద్ధం కట్టింది నేను.

మందుల రోజు క్యూలో నిలబడ్డాను. హేమ వెనక బెంచీ మీద కూర్చుంది. నా వంతు వచ్చింది. కవరు లోపలికి తోశాను.

"అంకుల్, ఆంటీ కో లాయే?" అంది దీదీ, ఆంటీని తీసుకొచ్చారా అని.

వెనకాల ఎవరో "జల్దీ, చాచా" అన్నారు. కౌంటర్ అంచు పట్టుకున్నాను.

"ఆంటీ నహీ రహీ, బేటీ. ఫర్వరీ మే హీ చలీ గయీ. మై ఝూఠ్ బోలా."

లేదమ్మా, ఫిబ్రవరిలోనే వెళ్లిపోయింది, నేను అబద్ధం చెప్పాను. ఆరు నెలలకి ఆ ముక్క నోట్లోంచి వచ్చింది. ఏమైనా అంటుందని, పైవాళ్లని పిలుస్తుందని సిద్ధపడే వెళ్లాను. ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి నా చెయ్యి పట్టుకుంది. తరవాత కామేశ్వరి బుక్ తీసుకుని, అట్టలో మిగిలిన పదకొండు మాత్రలూ లెక్కచూసి తీసుకుని, ఒక అర్జీ రాయించుకుంది. సంతకం కొంచెం వంకరగా వచ్చింది. నా చేతికి ఒక్క కవరు ఇచ్చింది.

హేమ రాత్రి బండికి రాయపూర్ వెళ్లిపోయింది. నేను క్వార్టర్‌లోనే ఉంటాను. రోజూ ఏడింటికి ఫోన్ చేస్తుంది, రెండు ఆదివారాలకోసారి నేను వెళ్తాను. మనవరాలి డాన్సు ఎప్పుడున్నా, మందుల రోజైనా సరే, వెళ్తాను. చీలాలు కుక్కకి పెట్టడం మానేశాను. పళ్లెం కడిగి గోడ మీద పెడుతున్నాను.

హేమ వెళ్లిన మర్నాడు పొద్దున్న డబ్బా తీశాను. నా మాత్ర ఒక్కటే ఉంది. ఎడమ చేత్తో తీసి కుడి అరచేతిలో పెట్టుకున్నాను. ఎప్పటిలాగే ముందు మాట్లాడదామని నోరు తెరిచాను. ఆగి, మింగాను, గ్లాసు నీళ్లూ తాగాను. అప్పుడు మాట్లాడాను.

"కామేశ్వరీ, ఆ వేళ నీ మాత్ర నాను మరిచిపోలేదు. కోపంతో ఇవ్వలేదు. తప్పు నాది."

గ్లాసు కడిగి బోర్లించాను. అప్పటికే హేమ ఫోన్ మోగుతోంది.